బాగా నడిపారు, మాస్టారూ

ఆర్వే చేసిన దానికి మా ఊళ్ళో అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు, ఒకరిద్దరు తప్ప. అదే అతన్ని ఎక్కువగా తినేసింది. "నలుగురూ కలిసి తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది" అన్నాడు నాతో ఒకసారి, మా ఇంటి మెట్ల మీద నేను మంచు ఊడుస్తుంటే వచ్చి నిలబడి. మేమిద్దరం ఒకే వీధిలో పెరిగాం, అందుకని చెప్పుకున్నాడు. అతను చెప్పిందీ, మిగతావాళ్ళ దగ్గర నేను విన్నదీ కలిపి చెబుతున్నాను.

ఆర్వే తండ్రి నది ఒడ్డున కలప మిల్లులో పనిచేసేవాడు. ఆర్వేకి మిల్లు పని పడలేదు. అతనికి చిన్నప్పటినుంచీ వేరే విద్య ఉంది. ఎదుటి మనిషి ఏ మాట కోసం ఎదురుచూస్తున్నాడో ఇట్టే పసిగట్టేవాడు, ఆ మాటే అనేవాడు. అబద్ధాలకోరు కాదు. నిజాల్లో తియ్యగా ఉన్నవి ఏరి చేతిలో పెట్టేవాడు, చేదువి జేబులో ఉంచుకునేవాడు. కార్ల షోరూములో చేరాక ఆ విద్యే అతనికి అన్నం పెట్టింది. మొదట డీజిలు బండ్లు అమ్మాడు. తర్వాత దేశమంతా కరెంటు బండ్ల మీద పడింది. "చలికాలంలో చచ్చి ఊరుకుంటాయి, అవి రాజధాని ఓస్లో వాళ్ళ బొమ్మలు" అని వెక్కిరించిన నోటితోనే వాటిని పొగడ్డం మొదలుపెట్టాడు. ఇప్పుడు చాలామంది కొనడం కూడా మానేశారు. మూడేళ్ళకు లీజుకు తీసుకోవడం, గడువు తీరాక తిరిగి ఇచ్చేసి ఇంకో కొత్తది ఎక్కడం. దుప్పట్లు మార్చినట్టు కార్లు మారుస్తున్నారని మా అమ్మ అనేది.

మా ఊరు నామ్సోస్‌లో బండి నడిపేవాళ్ళలో సగంమందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఇంగ్వార్ మాస్టారు. నాకూ ఆయనే నేర్పాడు. పొడుగాటి మనిషి. నేర్పే కారులో పక్క సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. ఆయన కాలి కింద ఇంకో బ్రేకు ఉండేది. వేలి కణుపులతో ముందున్న బల్ల మీద టకటకా కొట్టేవాడు. "కుడి చూశావా? చూశానని నాకు చెప్పకు, మెడ తిప్పు." మా ఊరి చిన్న వీధుల్లో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు దారి. ఆ ఒక్క నియమం ఆయన మా ఒంట్లో ఇంకించేశాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరిలోకీ ఆర్వే పిరికివాడు. లారీ ఎదురొస్తే కళ్ళు మూసుకునేవాడు. మరొకరైతే వదిలేసేవారు. ఇంగ్వార్ మాత్రం ఆదివారాలు, రోడ్లు ఖాళీగా ఉండే వేళ చూసి అతన్ని తీసుకెళ్ళేవాడు. ఎక్కడ తప్పు చేస్తే అక్కడే ఆపించేవాడు. "ఇప్పుడు నువ్వొక మనిషిని గుద్దావురా. దిగు. దిగి చూడు" అనేవాడు ఖాళీ రోడ్డును చూపిస్తూ. ఆర్వే నిజంగానే దిగి చూసేవాడు.

అదంతా పాతికేళ్ళ కిందటి మాట. ఆమధ్య ఒక సెప్టెంబరులో, వాన పడుతున్న ఒక పొద్దున, ఇంగ్వార్ మాస్టారు భార్య సిన్నోవను వెంటబెట్టుకుని ఆర్వే పనిచేసే షోరూముకు వచ్చాడు. ఆయనకు ఎనభైకి దగ్గర పడింది. మెడకు టై కట్టుకున్నాడు. పాత డీజిలు బండి ఇక లాభం లేదని మెకానిక్ చెప్పేశాడట.

"ఆర్వే, ఇక్కడ కాఫీ ముందు ఇస్తారా, సంతకం పెట్టాకా?" అంది సిన్నోవ గొడుగు దులుపుతూ.

"మీకైతే కాఫీతో పాటు వాఫిల్ అట్టు కూడానండీ. రంగు మాత్రం మీరే చెప్పాలి."

"నడిపేది ఆయన. నాకు తలుపు ఎటు తెరుచుకుంటుందో చెప్తే చాల్లే."

షోరూము మేనేజరు ఫ్రోదె అక్కడే ఉన్నాడు. "డ్రైవింగ్ మాస్టారి భార్య అయ్యుండి మీరు నేర్చుకోలేదా?" అన్నాడు.

"ఆయన పక్కన కూర్చుని నేర్చుకోవడమా! కాపురం నిలబడొద్దూ?"

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. బండి చుట్టూ తిరిగి, టైరును బూటు కొనతో తట్టి, "ఒకసారి నడిపి చూస్తాను. ఆర్వే, నువ్వు పక్కన కూర్చో" అన్నాడు.

"మీకు నేనెందుకు మాస్టారూ? తాళం తీసుకుని ఓ చుట్టు తిరిగి రండి."

"కాదు. నువ్వు కూర్చోవాలి."

సిన్నోవ వాఫిల్ మీద గోధుమరంగు చీజు ముక్కలు పరుచుకుంటూ అక్కడే ఉండిపోయింది. వాళ్ళిద్దరూ బయల్దేరారు.

బండి చప్పుడు చెయ్యకుండా జారుకుంటూ వాన రోడ్డు మీదికి వచ్చింది. ఆర్వే అలవాటుగా బ్యాటరీ గురించీ, వెచ్చబడే సీట్ల గురించీ చెప్పుకుపోతున్నాడు. చర్చి వెనక ఇరుకు వీధిలో కుడివైపు నుంచి ఒక వ్యాను వచ్చింది. ఆర్వే దాన్ని చూశాడు. మాస్టారు కూడా చూసే ఉంటాడనుకున్నాడు. బండి వేగం తగ్గలేదు. ఆర్వే కుడికాలు దానంతటదే నేలను గట్టిగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. వ్యానువాడే బ్రేకు వేసి, హారను మోగించి, చేతులు గాల్లోకి ఎత్తాడు.

"వాడికేమొచ్చింది?" అన్నాడు మాస్టారు.

"కుర్రాళ్ళు కదా మాస్టారూ, తొందర" అన్నాడు.

వంతెన దగ్గర ఒక ఆడమనిషి రోడ్డు దాటడానికి కుడి అంచున నిలబడి ఉంది. ఆవిడ అడుగు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. మాస్టారు అదే వేగంతో ఆమెను దాటి పోయాడు. ఆర్వే ఏమీ అనలేదు. ఆ తర్వాత దారంతా బాగానే నడిపాడు. చేతులు స్టీరింగు మీద ఎప్పటిలాగే, ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. షోరూము ముందు గీతల మధ్య చక్కగా ఆపాడు. ఆపి, వెంటనే దిగలేదు. అద్దం మీద వాన చుక్కలు చూస్తూ కూర్చున్నాడు.

"ఎలా నడిపాను?"

ఇన్నేళ్ళలో ఆ మనిషి ఎవరినీ అలా అడిగి ఉండడు. ఆర్వేకి ఆ సంగతి తట్టింది కూడా. కానీ ఎదుటివాడు వినాలనుకునే మాట అతని నాలుక మీదికి ముందే వచ్చేసింది.

"మీరు నడపడం గురించి నేను చెప్పాలా? బాగా నడిపారు, మాస్టారూ."

"నిజంగానా?"

"నిజంగా. నాకే పాఠం చెప్పినట్టుంది."

మాస్టారు అతని ముఖంలోకి చూశాడు. "సరే అయితే" అని తలుపు తీశాడు.

లోపల ఫ్రోదె అప్పటికే లీజు కాగితాలు సిద్ధం చేయించాడు. ఆర్వేని పక్కకు పిలిచి, "ఊరందరికీ నేర్పినాయన మన బండి ఎక్కితే అంతకంటే ప్రచారం ఏముంటుంది? నెలాఖరుకు దేవుడు పంపినట్టు వచ్చాడు" అన్నాడు. ఆర్వే తలూపాడు. కొత్త బండి కదా, ఎవరైనా తడబడతారు అనుకున్నాడు. వాన కూడా పడుతోంది అనుకున్నాడు. ఎనభై దాటితే డాక్టరు చూడందే లైసెన్సు ఉండదు, ఎలాగూ అది దగ్గర్లోనే ఉంది, డాక్టర్లే చూసుకుంటారు అనుకున్నాడు. బండికి చుట్టూ ఉన్న కెమెరా కళ్ళన్నీ మాస్టారికి ఒక్కొక్కటీ చూపించాడు. ఎదురుగా ఏదైనా వస్తే అదే కూస్తుందనీ, అదే బ్రేకు వేస్తుందనీ చెప్పాడు. తన నోటితో చెప్పాల్సిన మాటను బండికి అప్పగించేసినట్టు.

తెల్లబండి ఎంచుకుంది సిన్నోవ. అప్పగించే రోజున దానిమీద ముసుగు కప్పి, ఇద్దరి చేతా లాగించి, పూలగుత్తి ఇచ్చి ఫొటో తీశారు. ఆ ఫొటోలో మాస్టారు పక్కన ఆర్వే నవ్వుతున్నాడు. చాలా రోజుల దాకా అది షోరూము గోడకు ఉండేది.

బండి అప్పగించిన సాయంత్రం ఇంట్లో ఉడికించిన చేప తింటూ భార్య గ్రోతో సగం సగం చెప్పాడు.

"మాస్టారు కుడివైపు కొంచెం చూసుకోవట్లేదేమో అనిపించింది."

గ్రో ఫోర్కు కింద పెట్టింది. "కొంచెం అంటే?"

"వ్యాను ఒకటి... పెద్దదేం కాదులే. కొత్త బండి కదా."

"చెప్పావా ఆయనతో?"

"ఆయనకా? నేనా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు చెప్తారు? పక్కన కూర్చున్నది నువ్వేగా."

"చెప్తాలే. టైర్లు మార్చుకోవడానికి వస్తాడుగా, అప్పుడు చెప్తా."

అక్టోబరు చివర్లో చలికాలం టైర్లు వేయించుకోవడానికి మాస్టారు దంపతులు వచ్చారు. బండి ముందు కుడి మూల నొక్కుకుపోయి ఉంది. దాని కింద పొడుగాటి గీత. ఆర్వే అక్కడే ఆగిపోయాడు.

"మా గరాజు గోడ బాగా దురుసైంది. ముందుకొచ్చి మరీ గుద్దుతోంది" అంది సిన్నోవ.

మాస్టారు వేలితో ఆ గీతను తడిమాడు. ఆర్వే వైపు చూశాడు. అది చెప్పమన్నట్టే ఉందని ఆర్వేకి తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. ఆ క్షణంలో మాత్రం షోరూములో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు, మెకానిక్ ఉన్నాడు, సిన్నోవ నవ్వుతోంది. ఆర్వే కూడా నవ్వేశాడు. "మా ఇంటి గోడా అంతేనండీ" అన్నాడు.

నవంబరు వచ్చింది. మధ్యాహ్నం దాటగానే చీకటి పడే రోజులు. బేకరీలో పనిచేసే బెరిత్ తన పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి పోతోంది. మంచు మీద జారకుండా మేకుల టైర్లు, ముందు వెనకా దీపాలు, ఒంటిమీద మెరిసే పసుపు చొక్కా, అన్నీ ఉన్నాయి. బడి కింది వీధిలో ఆమె కుడివైపు నుంచి వచ్చింది. దారి ఆమెది. తెల్లబండి ఎడమ నుంచి ఆగకుండా వచ్చింది. ఆఖరి క్షణంలో బండి తనంతట తానే బ్రేకు వేసుకుంది, లేకపోతే బతికేది కాదని అన్నారు. అయినా ఆమె బండి ముందుభాగం మీద పడి, అక్కడినుంచి గట్టిపడిన మంచు మీదికి జారింది. తొడ ఎముక విరిగింది. అంబులెన్సు వచ్చేదాకా మాస్టారు తన కోటు ఆమె మీద కప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, "నాకు కనపళ్ళేదమ్మా, అస్సలు కనపళ్ళేదు" అంటూనే ఉన్నాడట. సిన్నోవ ఆరోజు బండిలో లేదు.

ఆర్వేకి ఆ కబురు ఫ్రోదె చెప్పాడు. విరిగిన బండిని షోరూముకే లాక్కొచ్చారు. బండిలో లోపమేమైనా ఉందా అని పోలీసులు అడిగారు. పరీక్షించడానికి వేరే ఊరి నుంచి మనిషి వచ్చాడు. ఆ రెండ్రోజులూ ఆర్వే ఒకటే కోరుకున్నాడు. బండిదే తప్పు కావాలి. ఏదో ఒక తీగ తెగి ఉండాలి, ఏదో ఒక కంటికి మంచు పట్టి ఉండాలి. తను పొగిడి పొగిడి ఇచ్చిన బండి పాడుబండి అని తేలాలని కోరుకున్నాడు.

"బండి నిక్షేపంలా ఉందట. హమ్మయ్య!" అన్నాడు ఫ్రోదె కాగితం ఊపుతూ.

ఆర్వే స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో చాలాసేపు నిలబడ్డాడు.

ఊరు ఊరుకుంటుందా? సరుకుల దుకాణంలో వరుసలో నిలబడ్డవాళ్ళు మాట్లాడుకోవడం నేనూ విన్నాను. "మనకు కుడి చూడు కుడి చూడు అని చంపుకుతిన్నాడు. తనకే కుడేదో ఎడమేదో తెలీలేదు." "ముసలాయన ఇంటిపట్టున ఉండక కొత్త బండి సరదా ఎందుకట?" ఆ వరుసలో ఆర్వే కూడా ఉన్నాడు. మెకానిక్ ఒకడు అతని భుజం మీద చెయ్యేసి అడిగాడు. "బండి ఇచ్చింది నువ్వేగా? అప్పుడేమైనా తేడాగా అనిపించిందా?"

"లేదు. బాగానే నడిపాడు" అన్నాడు ఆర్వే.

కొనాల్సినవి బుట్టలోనే వదిలేసి బయటికి వచ్చేశాడు. అన్నింటికంటే ఆ మాటే తనను నిద్రపోనివ్వలేదని చెప్పాడు నాతో. మొదటిసారి మొహమాటం, రెండోసారి బద్ధకం అనుకోవచ్చు. ఈసారి మాత్రం ఒక మనిషి కాలు విరిగి ఆసుపత్రిలో పడి ఉంటే, ఇంకో మనిషి పరువు బజారులో పడి ఉంటే, తన చర్మం కాపాడుకోవడానికి అన్నాడు.

మర్నాడు బెరిత్‌ను చూడటానికి వెళ్ళాడు. చేతిలో కేకు పెట్టె ఉంది. ఆమె మంచం మీద కాలు ఎత్తి కట్టించుకుని, ఏదో అల్లుకుంటూ ఉంది.

"బేకరీ దానికి కేకు తెచ్చిన మొదటి మగాడివి నువ్వే. ఎక్కడ కొన్నావ్? మా పోటీవాళ్ళ దగ్గరేనా?" అని నవ్వింది.

ఆర్వే కూర్చున్నాడు. నొప్పి ఎలా ఉందని అడిగాడు. మాస్టారి మీద ఆమెకు కోపం లేదట. ఆమెకూ ఆయనే నేర్పాడట. "పాపం, సిన్నోవ గారు రోజూ వస్తున్నారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడతారు, లోపలికి రారు" అంది.

"బెరిత్, నేను చూశాను" అన్నాడు ఆర్వే.

"ఏం చూశావ్?"

చెప్పేశాడు. వ్యాను, వంతెన దగ్గర ఆడమనిషి, బాగా నడిపారు మాస్టారూ అన్నది, టైర్ల రోజున గోడ మీద జోకు వేసింది, దుకాణంలో అన్నది. ఆమె అల్లిక ఆపింది. ముఖంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"ఆయనకు కనపళ్ళేదు. నీకు కనపడింది."

"అవును."

"కనపడి నవ్వావు."

ఆర్వే తల దించుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీక రోడ్డు మీద, మంచు మీద పెట్టుకున్నాను" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇప్పుడు తెలిసింది. వెళ్ళు ఆర్వే. కేకు తీసుకుపో."

అతను పెట్టె పట్టుకుని మెట్లు దిగాడు. కింద బల్ల మీద కూర్చుని ఉంటే ఎవరో నర్సు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చిందట.

అక్కడినుంచి తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళాడు. ఇంక ఆగితే మళ్ళీ తీపి మాట ఏదో దొరికిపోతుందని భయం వేసిందన్నాడు. సిన్నోవ తలుపు తీసింది. ఏమీ అడగకుండా వంటగదిలోకి దారి ఇచ్చింది. మాస్టారు బల్ల దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"మాస్టారూ, ఆ రోజు మీరు..."

"తెలుసురా" అన్నాడు ఆయన చాకు కింద పెట్టకుండానే. "నీ కాలు చూశాను. నేలను తొక్కావు. నలభై ఏళ్ళు ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి. ఆ కాలు ఎప్పుడు లేస్తుందో నాకు తెలీదా?"

ఆర్వే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వేసవి నుంచీ నాకు ఏదో అనుమానం. చిన్న చిన్నవి తగిలించుకుంటున్నాను. కళ్ళద్దాలవాడి దగ్గరికి పోయాను. గోడమీది అక్షరాలన్నీ చదివాను, కళ్ళు బ్రహ్మాండం అన్నాడు. దీనికేమో నడపడం రాదు" అని సిన్నోవ వైపు గడ్డం చూపించాడు. "పక్కన కూర్చుని నిజం చెప్పేవాడు ఒకడు కావాలి. ఎవర్ని అడగాలా అని చాలా ఆలోచించాను. నువ్వు పిరికివాడివి. పిరికివాడు రోడ్డును బాగా చూస్తాడు. అందుకే నీ దగ్గరికి వచ్చాను."

"బండి కోసం కాదా?"

"బండి కోసం కూడా. నువ్వు కాదంటే బండి మానేసి తాళాలు పారేద్దామనుకున్నా. బాగా నడిపారు అన్నావు. నీ కాలు ఒకటి చెప్పింది, నోరు ఒకటి చెప్పింది. నాకు నోటి మాటే నచ్చింది. అదీ నా తప్పు."

ఆర్వే ఏడ్చాడు. ఆ ఇంటి వంటగదిలో, నలభై నాలుగేళ్ళ మనిషి. మాస్టారు ఓదార్చలేదు. "ఏడిస్తే ఆ పిల్ల కాలు అతుక్కోదు" అన్నాడు. "నేను చూడకుండా గుద్దాను, నువ్వు చూసి గుద్దావు. ఇద్దరం కలిసి గుద్దాం. నీ వాటా నేను మొయ్యలేను, నాదే నాకు బరువుగా ఉంది."

అసలు సంగతి సిన్నోవ చెప్పింది. ప్రమాదం తర్వాత ఆసుపత్రిలో ఆయన తలను పరీక్షించారు. వేసవిలో ఎప్పుడో తలలో చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. నొప్పి లేదు, మాట పడిపోలేదు. రెండు కళ్ళలోనూ కుడివైపు సగం చూపు పోయింది. పోయిందని ఆయనకే తెలియలేదు. ఎదురుగా ఉన్న అక్షరాలు మాత్రం చక్కగా కనపడతాయి. "ముందే తెలిసుంటే మందులు ముందే మొదలుపెట్టేవాళ్ళం అన్నారు డాక్టరుగారు" అంది ఆమె, ఆర్వే ముఖం వైపు చూడకుండా కాఫీ పోస్తూ. కావాలని గుచ్చిందో మామూలుగా అందో అతనికి ఇప్పటికీ తెలీదు.

ఆర్వే పోలీసుల దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాడు. అక్కడున్న అమ్మాయి విని రాసుకుని, "ఒకరు బండి బాగా నడిపారని అనడం నేరమేం కాదండీ" అంది. అతను ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇంకేమైనా చెప్పాలా అని ఆ అమ్మాయి అడిగింది. లేదని వచ్చేశాడు. ఫ్రోదె మాత్రం గోల చేశాడు. "నిన్నెవడు అడిగాడని వెళ్ళావ్? షోరూము పేరు కూడా చెప్పొచ్చావా?" అన్నాడు. రెండ్రోజులకు చల్లబడ్డాడు. మంచి అమ్మకందారుణ్ణి ఎవరు వదులుకుంటారు?

మాస్టారు లైసెన్సు ఇచ్చేశాడు. బండి బాగుచేయించుకుని తిరిగి వచ్చింది. లీజు గడువు రెండేళ్ళకు పైగా ఉంది. ఇంటి ముందు ఊరికే నిలబడింది. జనవరిలో ఒకరోజు సిన్నోవ ఆర్వేకి ఫోన్ చేసింది.

"నేను నేర్చుకుంటాను. నువ్వు పక్కన కూర్చో."

"నేనా? డ్రైవింగు బడిలో మంచి మాస్టర్లున్నారు కదండీ."

"వాళ్ళ దగ్గరా నేర్చుకుంటాలే. మధ్యలో ఎవరో ఒకరు అలవాటు చేయించాలి కదా. ఈయన్ని కూర్చోబెట్టనివ్వరు. ఇంకెవర్ని అడగను? నువ్వు రావాలి."

ఆమె అప్పటికి డెబ్భై దాటింది. అతను ఆ చలికాలమంతా వారానికి రెండు సాయంత్రాలు వెళ్ళాడు. వెనక సీట్లో మాస్టారు, నోరెత్తకూడదన్న షరతు మీద. మాట తప్పి ఏదైనా అంటే సిన్నోవ బండి అక్కడే ఆపేసి, "దిగి నడిచి రా" అనేది. మొదటి రోజే ఆమె బండిని రోడ్డు పక్క మంచుకుప్పలో దించింది.

"ఎలా నడిపాను?" అంది.

ఆర్వే మంచుకుప్ప వైపు చూశాడు. "అస్సలు బాగా లేదండీ. అద్దం చూళ్ళేదు, కుడి చూళ్ళేదు, నేను ఆపమన్నాక కూడా ఆపలేదు."

"మరి అంత చెడ్డగానా?"

"అంత చెడ్డగానే."

ఆమె ముఖం మాడ్చుకుంది. మిగతా దారంతా అతనితో మాట్లాడలేదు. జూన్‌లో పరీక్షకు వెళ్ళి తప్పింది, ఆగస్టులో మళ్ళీ రాసి, మళ్ళీ నడిపి, పాసైంది. ఇప్పుడు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని, లారీలకు దారివ్వకుండా, ఊరంతా తిరుగుతుంది.

ఆర్వే ఇంకా ఆ షోరూములోనే ఉన్నాడు. చేపల చెరువుల యజమాని ఒకాయన మొన్న పెద్ద బండి చూడటానికి వచ్చి, పరీక్షకు నడిపితే, "మీరు కళ్ళు చూపించుకోండి, తర్వాత బండి సంగతి చూద్దాం" అన్నాడట. ఆయన కోపం తెచ్చుకుని పక్క షోరూములో తీసుకున్నాడు. ఫ్రోదె ఇప్పుడు వయసైనవాళ్ళు వస్తే తనే ఎదురెళ్ళి పలకరిస్తున్నాడు. "దాంతో నీ మనసు కుదుటపడిందా?" అని అడిగాను ఆర్వేని. "లేదు. ఒక బండి పోయింది, అంతే" అన్నాడు.

బెరిత్ వసంతం నాటికి చేతికర్రతో పనిలోకి వచ్చింది. ఆర్వే చాన్నాళ్ళు రొట్టె వేరే చోట కొన్నాడు. చివరికి గ్రో సంచి చేతికిచ్చి పంపింది. బెరిత్ అతను అడిగిన రొట్టె కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టింది. కళ్ళెత్తలేదు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అంతే. వెళుతూనే ఉన్నాడు. ఒక వానరోజున డబ్బాలోంచి రొట్టె తీస్తూ ఆమె హఠాత్తుగా అంది.

"వాన పడితే నొప్పెడుతోంది. ఇది పోదన్నారు. నీకు తెలియాలి కదా."

"తెలియాలి" అన్నాడు ఆర్వే.

అప్పటినుంచీ వానరోజుల్లో తప్పకుండా వెళతాడు. నొప్పి ఎలా ఉందని అడుగుతాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. మా ఊళ్ళో వానలు ఎక్కువ.